అణు గడియారాలతో ఖండాంతర రేడియో ఇంటర్‌ఫెరోమెట్రీ: తరచుగా అడిగే ప్రశ్నలు

వేల కిలోమీటర్ల దూరంలో ఉన్న రేడియో టెలిస్కోపులు కలిసి ఒక్క టెలిస్కోపులా ఎలా పనిచేస్తాయో చెప్పిన ప్రతిసారీ, మాట పూర్తయ్యాక దగ్గరికొచ్చి అడిగేవాళ్ల సందేహాలు ఇంచుమించు ఇవే. వాటిలో సగం గడియారం గురించే ఉంటాయి. అది సహజం కూడా, ఎందుకంటే ఈ పద్ధతి మొత్తం నిలబడింది ఆ గడియారం మీదే. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకునేలా ప్రతి జవాబునూ విడిగా రాశాను.

## అసలు ఇదేమిటి

వీఎల్‌బీఐ అంటే ఏమిటి? నాలుగు ముక్కల్లో చెప్పగలరా?

రెండు టెలిస్కోపుల మధ్య సరళరేఖలో ఉండే దూరాన్ని బేస్‌లైన్ అంటారు. ఒకే చోటు నుంచి వచ్చే తరంగాలను రెండు టెలిస్కోపులతో పట్టి పోల్చి చూడడమే ఇంటర్‌ఫెరోమెట్రీ. బేస్‌లైన్ వందల, వేల కిలోమీటర్లు ఉన్నప్పుడు చేసే ఇంటర్‌ఫెరోమెట్రీయే వీఎల్‌బీఐ, అంటే వెరీ లాంగ్ బేస్‌లైన్ ఇంటర్‌ఫెరోమెట్రీ. టెలిస్కోపులన్నీ ఒకే సమయంలో ఆకాశంలో ఒకే చోటికి తిరుగుతాయి. వచ్చిన రేడియో తరంగాలను ఎక్కడికక్కడ రికార్డు చేసుకుంటాయి. ప్రతి రికార్డింగు మీదా అక్కడి అణు గడియారం టైము ముద్ర వేస్తుంది. తర్వాత రికార్డింగులన్నిటినీ ఒకచోటికి చేర్చి, తరంగాన్ని తరంగంతో సరిపోల్చి, భూగోళమంత డిష్‌కు మాత్రమే కనిపించగల వివరాన్ని రాబడతారు.

ఇంత తంటా ఎందుకు? ఒకే ఒక పెద్ద డిష్ కట్టేస్తే పోదా?

కట్టినా చాలదు. టెలిస్కోపు చూపు ఎంత పదునుగా ఉంటుందన్నది తరంగం పొడవును డిష్ వెడల్పుతో భాగిస్తే తెలుస్తుంది. రేడియో తరంగాలు కాంతి తరంగాల కన్నా వేల, లక్షల రెట్లు పొడవు. అందుకే 25 మీటర్ల డిష్‌తో 21 సెంటీమీటర్ల తరంగాలను చూస్తే చంద్రబింబం మొత్తం ఒక్క మచ్చగా కలిసిపోతుంది. చైనాలోని ఫాస్ట్ టెలిస్కోపు వెడల్పు 500 మీటర్లు, అందులో ఒకసారికి వాడేది సుమారు 300 మీటర్లు. అంత పెద్దదాని చూపు కూడా ఈ తరంగాల దగ్గర 3 ఆర్క్‌నిమిషాలే (ఆర్క్‌నిమిషం అంటే డిగ్రీలో 60వ వంతు కోణం). మన మామూలు కన్ను ఒక ఆర్క్‌నిమిషం దాకా విడదీసి చూడగలదు. అంటే రేడియోలో మామూలు కంటిచూపును అందుకోవడానికే 700 మీటర్లకు పైగా డిష్ కావాలి. అంతకంటే లోతుగా చూడాలంటే డిష్‌ను పెంచుకుంటూ పోవడం కాక, దూరదూరంగా ఉన్న డిష్‌లను కలపడం ఒక్కటే దారి.

మధ్యలో అంతా ఖాళీయే కదా? ఖాళీ ఉన్నా పెద్ద డిష్‌తో సమానం ఎలా అవుతుంది?

అన్ని విధాలా సమానం కాదు. ఇక్కడ రెండు విషయాలను విడిగా చూడాలి. ఎంత మసక వెలుగును పట్టగలమన్నది డిష్‌ల మొత్తం వైశాల్యం మీద ఆధారపడుతుంది. ఆ విషయంలో ఖాళీ ఖాళీయే. ఎంత సన్నని వివరం చూడగలమన్నది డిష్‌ల మధ్య దూరం మీద ఆధారపడుతుంది. వీఎల్‌బీఐ గెలిచేది అక్కడ.

ఒక్కో జత టెలిస్కోపులు చిత్రంలో ఒక్కో రకం వివరాన్ని కొలుస్తాయి. దగ్గరి జతలు పెద్ద ఆకారాన్ని, దూరపు జతలు సన్నని గీతలను చెబుతాయి. 10 టెలిస్కోపులుంటే 45 జతలు. పైగా భూమి తిరుగుతూ ఉంటుంది కాబట్టి, ఆకాశంలోని మూలం నుంచి చూస్తే ప్రతి జత పొడవూ వాలూ గంటగంటకూ మారతాయి. రాత్రి మొదట్లో ఒక కొలత ఇచ్చిన జత తెల్లారేసరికి చాలా కొలతలు ఇస్తుంది. ఇలా ఖాళీలను భూభ్రమణమే నింపుతుంది. ఈ కిటుకును పెంచి పోషించిన బ్రిటిష్ ఖగోళ శాస్త్రవేత్త మార్టిన్ రైల్‌కు 1974లో నోబెల్ వచ్చింది.

టెలిస్కోపుల మధ్య తీగ వేసేస్తే ఈ గడియారాల గొడవే ఉండదు కదా?

వేయగలిగిన చోట అలాగే చేస్తారు. న్యూ మెక్సికోలోని వీఎల్‌ఏలో 27 డిష్‌లు గరిష్ఠంగా 36 కిలోమీటర్ల మేర విస్తరిస్తాయి. వాటన్నిటికీ ఒకే కేంద్ర గడియారం. దాని టిక్కులు ఫైబర్ తీగల మీద డిష్‌లకు వెళ్తాయి, డిష్‌ల సిగ్నళ్లు వెనక్కి వస్తాయి. మధ్యలో సముద్రమో ఖండమో ఉంటే తీగ వేసి, దాని పొడవు మిల్లీమీటరులో చిన్న వంతు కూడా మారకుండా కాపాడడం చాలా కష్టం.

1960ల మధ్యలో వచ్చిన ఆలోచన ఏమిటంటే, తీగ తీసేసి ప్రతి చోటా ఒక అణు గడియారం, ఒక రికార్డరు పెట్టేయడం. సోవియట్ శాస్త్రవేత్తలు మత్వెయెంకో, కర్దాషేవ్, షొలోమిట్‌స్కీ 1965లో దీన్ని ప్రచురించారు. 1967లో కెనడా, అమెరికా బృందాలు నెలల తేడాతో చేసి చూపించాయి. కెనడా బృందం అల్గాన్‌క్విన్, పెంటిక్టన్ టెలిస్కోపులను సుమారు 3,000 కిలోమీటర్ల దూరంలో కలిపింది. టీవీ స్టూడియోల్లో వాడే వీడియో టేపు రికార్డర్లనే వాళ్లు ఇందుకు మలచుకున్నారు. వీఎల్‌బీఐలో గడియారం పని టైము చెప్పడం కాదు, లేని తీగకు బదులుగా నిలబడడం. ఇది ఒక్కటి మనసులో పడితే మిగతా సందేహాలు చాలావరకు వాటంతటవే విడిపోతాయి.

## గడియారం

అణు గడియారం అంటే అందులో రేడియేషన్ ఉంటుందా? ప్రమాదమా?

ఉండదు. ‘అణు’ అన్న మాట వినగానే బాంబు, రియాక్టరు గుర్తొచ్చి చాలామంది భయపడతారు. ఇక్కడ పరమాణు కేంద్రకం పగలదు, ఏదీ రేడియోధార్మికం కాదు. ఒక పరమాణువు రెండు శక్తి స్థితుల మధ్య మారేటప్పుడు వెలువడే తరంగం ఎప్పుడూ ఒకే ఫ్రీక్వెన్సీలో ఉంటుంది. గడియారం ఆ ఫ్రీక్వెన్సీని పట్టుకుని నడుస్తుంది, అంతే.

గడియారం ఎంత నిలకడగా ఉండాలి? అంకెల్లో చెప్పండి.

1.3 మిల్లీమీటర్ల తరంగాలు తీసుకుందాం. బ్లాక్ హోల్ చిత్రాలు వచ్చింది ఈ తరంగాలతోనే. ఇవి సెకనుకు 23,000 కోట్ల సార్లు ఊగుతాయి. ఒక్క ఊపు పూర్తి కావడానికి పట్టేది 4.3 పికోసెకన్లు. పికోసెకను అంటే సెకనులో లక్ష కోట్ల వంతు.

రెండు రికార్డింగులను కలిపేటప్పుడు కొంతసేపు, అనుకోండి 10 సెకన్లు, తరంగాలను కూడుతూ పోవాలి. అంతసేపట్లో ఒక గడియారం సగం ఊపు ముందుకో వెనక్కో జారిందంటే ఒకచోటి శిఖరం ఇంకోచోటి లోయతో కలిసి రెండూ రద్దయిపోతాయి. సిగ్నల్ ఉండాల్సిన చోట సున్నా మిగులుతుంది. జారుడు ఊపులో ఆరో వంతు లోపే ఆగాలనుకుంటే 10 సెకన్లలో 0.7 పికోసెకన్లకు మించి తప్పకూడదు. అంటే సుమారు 14 లక్షల కోట్లలో ఒక వంతు కన్నా మెరుగైన నిలకడ. వీఎల్‌బీఐలో వాడే అణు గడియారం పేరు హైడ్రోజన్ మేసర్. మంచి మేసర్ ఇంతకంటే బాగానే నడుస్తుంది.

పొడవైన తరంగాలకు ఇంత పట్టింపు అక్కర్లేదు. 21 సెంటీమీటర్ల దగ్గర రుబీడియం గడియారంతో (ఇంత నిలకడ లేని ఇంకో రకం అణు గడియారం) కూడా పని నడుస్తుంది. తొలి రోజుల్లో నడిచింది అలాగే.

హైడ్రోజన్ మేసర్ లోపల ఏం జరుగుతుంది?

బయటి నుంచి చూస్తే చిన్న ఫ్రిజ్ అంత పెట్టె. లోపల ఒక చిన్న సీసాలోంచి హైడ్రోజన్ అతి సన్నగా, దాదాపు లెక్కలోకి రానంత కొద్దిగా వస్తూ ఉంటుంది. అది ముందుగా ఒక గాజు బుడ్డిలోకి వెళ్తుంది. అక్కడ రేడియో శక్తితో హైడ్రోజన్ అణువులను విడగొట్టి ఒంటరి పరమాణువులుగా చేస్తారు. ఆ బుడ్డి గులాబీ, ఊదా కలిసిన రంగులో వెలుగుతుంది. మేసర్ పెట్టెలో కంటికి కనబడే జీవలక్షణం అదొక్కటే.

అక్కడి నుంచి పరమాణువులు ఒక అయస్కాంతం గుండా దూసుకెళ్తాయి. అది ఎక్కువ శక్తి స్థితిలో ఉన్నవాటిని మాత్రమే ముందుకు పంపి, మిగతావాటిని పక్కకు తోసేస్తుంది. ఎంపికైనవి టెఫ్లాన్ పూత ఉన్న క్వార్ట్జ్ గోళంలోకి చేరతాయి. నాన్‌స్టిక్ పాత్రల మీద ఉండే పూతే ఇది. పరమాణువు గోడకు అతుక్కోకుండా, తన లయ చెడకుండా వేలసార్లు తగిలి తిరిగి వస్తూ సుమారు ఒక సెకను లోపల గడుపుతుంది. పరమాణువుకు సెకను చాలా పెద్ద ఆయుష్షు. ఎక్కువసేపు గమనించే కొద్దీ దాని ఫ్రీక్వెన్సీ అంత స్పష్టంగా తెలుస్తుంది. మేసర్ నిలకడ అంతా ఇందులోనే ఉంది.

గోళం చుట్టూ సరిగ్గా శ్రుతి చేసిన లోహపు డబ్బా ఉంటుంది. పరమాణువులు కింది స్థితికి జారుతూ సెకనుకు 142 కోట్ల 4 లక్షల 5 వేల 751 సార్లు ఊగే తరంగాన్ని విడుస్తాయి. దాని శక్తి వాటులో పది లక్షల కోట్ల వంతు స్థాయిలో ఉంటుంది. ఇంత బలహీనమైన తరంగం నేరుగా ఏ పనీ చేయలేదు. అందుకని ఒక మంచి క్వార్ట్జ్ క్రిస్టల్‌ను దీని అడుగుజాడల్లో నడిచేలా కట్టేస్తారు. టెలిస్కోపుకు చేరేది ఆ క్రిస్టల్ ఇచ్చే 5, 10 లేదా 100 మెగాహెర్ట్జ్ సిగ్నల్.

నార్మన్ రామ్సీ, డేనియల్ క్లెప్నర్, మార్క్ గోల్డెన్‌బర్గ్ 1960లో హార్వర్డ్‌లో దీన్ని తయారుచేశారు. నాకు ఇందులో ఎప్పటికీ ముచ్చటగా అనిపించే సంగతి ఒకటుంది. మేసర్ ఊగే ఫ్రీక్వెన్సీ, పాలపుంతలోని హైడ్రోజన్ మేఘాలు పంపే 21 సెంటీమీటర్ల రేడియో తరంగం, రెండూ ఒకటే. ఆకాశంలో దేన్ని వెతుకుతున్నామో అదే పరమాణువు కింద గదిలో కూర్చుని తాళం వేస్తోంది.

సెకనుకు ప్రమాణం సీజియం గడియారం కదా? మరి దాన్ని ఎందుకు వాడరు?

కచ్చితత్వం వేరు, నిలకడ వేరు. రెండు చేతి గడియారాలు ఊహించుకోండి. ఒకటి 5 నిమిషాలు ముందుంది, కానీ ప్రతి టిక్కూ సమానంగా వేస్తుంది. ఇంకోటి నెల మొత్తం మీద సరిగ్గా సరిపోతుంది, కానీ టిక్కుకూ టిక్కుకూ మధ్య కాస్త తడబడుతుంది. వీఎల్‌బీఐకి కావలసింది మొదటిది.

1967 నుంచి సెకనుకు నిర్వచనం సీజియం ఇచ్చే 919,26,31,770 ఊపులే. దీర్ఘకాలంలో సీజియాన్ని నమ్మవచ్చు. కానీ మార్కెట్లో దొరికే సీజియం గడియారాలు ఒక సెకను నుంచి కొన్ని గంటల దాకా మేసర్ అంత నున్నగా నడవవు. మేసర్ ఒక సెకనులో పది లక్షల కోట్లలో ఒక వంతు, కొన్ని గంటల సగటులో పది కోట్ల కోట్లలో ఒక వంతు దాకా నిలకడగా ఉంటుంది.

‘3 కోట్ల ఏళ్లకు ఒక్క సెకను తేడా’ అని రాసేది ఈ అంకెను సాగదీసే. నిజానికి మేసర్ నెలల తరబడి మెల్లగా జరుగుతూనే ఉంటుంది. ఆ మాట గంటల లెక్కకు నిజం, ఏళ్ల లెక్కకు కాదు.

జీపీఎస్ టైము ఉచితంగా వస్తోంది కదా, అది సరిపోదా?

సరిపోదు. జీపీఎస్ నుంచి వచ్చే టైము క్షణక్షణం కొన్ని నానోసెకన్లు అటూ ఇటూ ఊగుతుంది. 1.3 మిల్లీమీటర్ల తరంగం ఒక ఊపుకు తీసుకునేది 4 పికోసెకన్లే, అంటే నానోసెకనులో వెయ్యికి 4 వంతులు. ఆ ఊగిసలాటలో వందల తరంగాలు కొట్టుకుపోతాయి. అయితే రోజుల సగటు తీస్తే జీపీఎస్ చాలా మంచిది. అందుకే ప్రతి స్టేషన్లోనూ మేసర్‌ను జీపీఎస్‌తో పోలుస్తూ, మేసర్ రోజుకు ఎంత జారుతోందో రాసుకుంటారు.

అన్ని చోట్ల గడియారాలనూ ముందే కలిపి ఒకే టైము పెట్టాలా?

పికోసెకను దాకా కలపడం కుదరదు, అవసరమూ లేదు. జీపీఎస్ సాయంతో మైక్రోసెకను లోపల తెలిస్తే చాలు. మిగతా తేడాను ఆకాశమే చెబుతుంది.

స్టేషన్లో ఒక కౌంటర్ ఉంటుంది. మేసర్ సెకనుకు ఒకసారి ఇచ్చే పల్స్‌కూ, జీపీఎస్ ఇచ్చే పల్స్‌కూ మధ్య తేడాను అది కొలుస్తుంది. ఉదాహరణకు ఇవాళ దాని మీద 3.412 మైక్రోసెకన్లు కనిపించిందనుకోండి. రేపు ఇదే వేళకు 3.419. అంటే మేసర్ రోజుకు 7 నానోసెకన్లు జరుగుతోంది. ఆ 3.4 సున్నా కాలేదని ఎవరూ కంగారుపడరు. రేపు 3.419 రావలసిన చోట 3.9 వస్తేనే టెన్షన్.

తర్వాత బాగా ప్రకాశవంతమైన క్వేజార్ (చాలా దూరపు గెలాక్సీ నడిబొడ్డున వెలిగే మూలం) మీద తీసిన రికార్డింగుతో వెతికి, రెండు గడియారాల మధ్య అసలు తేడా ఎంతో, అది ఎంత వేగంతో మారుతోందో కనిపెడతారు. ఆ రెండు అంకెలూ తెలిస్తే మిగతా రాత్రంతటి డేటాను సరిచేయవచ్చు.

కొండ మీది గడియారం వేగంగా నడుస్తుందని ఐన్‌స్టీన్ చెప్పాడు కదా, అది ఇక్కడ తెలుస్తుందా?

బాగా తెలుస్తుంది. చిలీలోని ఆల్మా రేడియో టెలిస్కోపు 5,000 మీటర్ల ఎత్తున ఉంది. సముద్రమట్టంలో ఉన్న గడియారం కన్నా అక్కడిది రోజుకు సుమారు 47 నానోసెకన్లు ముందుకు వెళ్తుంది. అయితే ఇది ఎప్పుడూ ఒకే తీరుగా ఉండే తేడా. కాబట్టి గడియారం నడకలో భాగంగా లెక్కలో కలిసిపోతుంది, ఇబ్బంది పెట్టదు.

మేసర్ గదిలోకి ఎందుకు వెళ్లనివ్వరు?

మనిషి ఒంటి వేడి వల్ల. లోపలి లోహపు డబ్బా కొలత వేడికి కాస్త మారినా శ్రుతి తప్పి ఫ్రీక్వెన్సీని లాగుతుంది. అయస్కాంత క్షేత్రం మారినా అంతే. పరమాణువుల చుట్టూ పొరలుపొరలుగా అయస్కాంత కవచాలు ఉన్నా, దగ్గర్లో ఇనుప స్టూలు జరపడం కూడా పరిశీలన సమయంలో మంచిది కాదు. వేళాపాళా లేకుండా తలుపు తీయకపోవడం అక్కడివాళ్లకు అలవాటైన మర్యాద.

## పరిశీలన జరిగేటప్పుడు

పగలు కూడా చేస్తారా? మబ్బు పడితే?

పగలూ రాత్రీ చేస్తారు. సెంటీమీటర్ల తరంగాలకు మబ్బులు పెద్ద అడ్డు కావు. మిల్లీమీటర్ల తరంగాల దగ్గర మాత్రం గాలిలోని నీటి ఆవిరి కథ మార్చేస్తుంది. అది తరంగాన్ని మింగడమే కాక, క్షణక్షణం ఆలస్యం చేస్తుంది. తలపైన ఉన్న గాలి మొత్తం కలిసి రేడియో తరంగాన్ని అదనంగా సుమారు 2.3 మీటర్లు నడిచినంత ఆలస్యం చేస్తుంది. అందులో పొడిగాలి వాటాను ఒత్తిడి చూసి లెక్కకట్టవచ్చు. ఆవిరి వాటా చిన్నదే, కానీ ఊహకు అందదు. 1.3 మిల్లీమీటర్ల దగ్గర కొన్ని సెకన్లలోనే అది తరంగాల వరస చెరిపేస్తుంది. అటకామా ఎడారి, హవాయి శిఖరాలు, దక్షిణ ధ్రువం లాంటి పొడి చోట్లను వెతుక్కుని వెళ్లేది అందుకే. మేసర్ ఎంత గొప్పదైనా, చాలా రాత్రుల్లో చివరి మాట ఈ ఆవిరిదే.

అందరూ ఒకేసారి బటన్ నొక్కాలా?

అక్కర్లేదు. ఏ సెకనుకు ఏ మూలం వైపు తిరగాలో, ఎంతసేపు రికార్డు చేయాలో రాసిన షెడ్యూలు ఫైలు ముందే అన్ని స్టేషన్లకూ వెళ్తుంది. కంప్యూటర్లు దాన్ని పాటిస్తాయి.

గడియారం బాగుంటే చాలా? డిష్ దాకా వెళ్లే కేబులు మాటేమిటి?

చాలా మంచి ప్రశ్న, అడిగేవాళ్లు తక్కువ. మేసర్ కింద గదిలో ఉంటుంది, రిసీవరు డిష్ మీద ఉంటుంది. మధ్య కేబులు ఎండకు సాగుతుంది, డిష్ తిరిగినప్పుడల్లా మెలిపడుతుంది. మేసర్ సంపాదించిన నిలకడ ఆ కేబుల్లోనే పోవచ్చు. అందుకని కేబులు పొడవును సిగ్నల్ పంపి, తిరిగి తీసుకుని కొలుస్తూ ఉంటారు. దీనితో పాటు రిసీవరు మొదట్లోనే సన్నని కృత్రిమ స్వరాలను సమాన దూరాల్లో చొప్పిస్తారు. డేటాలో ఆ స్వరాలు ఎంత జరిగాయో చూస్తే పరికరాలు ఎంత తప్పుదారి పట్టించాయో తెలిసిపోతుంది.

## రికార్డింగు, కోరిలేషన్

ఇంత సున్నితమైన సిగ్నల్‌ను 2 బిట్లతో రికార్డు చేస్తారట, నిజమా?

నిజం. ఒక్కో నమూనాకు నాలుగు అంచెలు మాత్రమే: బాగా ఎక్కువ, కాస్త ఎక్కువ, కాస్త తక్కువ, బాగా తక్కువ. పాటల రికార్డింగుకు 16 బిట్లు వాడతారు కాబట్టి వింతగా తోస్తుంది. కానీ ఇక్కడ వచ్చేదంతా దాదాపు రొదే, ఆకాశపు సిగ్నల్ అందులో వెయ్యో వంతో పదివేలో వంతో ఉంటుంది. 2 బిట్లతో సమాచారంలో సుమారు 88 శాతం నిలుస్తుంది. మిగిలిన చోటును ఎక్కువ వెడల్పు ఫ్రీక్వెన్సీ రికార్డు చేయడానికి వాడితే లాభం చాలా ఎక్కువ.

హార్డ్ డిస్కులు విమానంలో పంపడం ఎందుకు? ఇంటర్నెట్ లేదా?

చాలా నెట్‌వర్కులు ఇంటర్నెట్‌లోనే పంపుతున్నాయి. ఐరోపా నెట్‌వర్కు కొన్ని పరిశీలనలను అప్పటికప్పుడే నెదర్లాండ్స్‌లోని కేంద్రంలో కలిపేస్తుంది. కానీ బ్లాక్ హోల్ చిత్రాలు తీసిన నెట్‌వర్కు, ఈవెంట్ హొరైజన్ టెలిస్కోపు, 2017 ఏప్రిల్‌లో ఒక్కో స్టేషన్లో సెకనుకు 32 గిగాబిట్లు రికార్డు చేసింది. అంటే గంటకు 14 టెరాబైట్లకు పైగా. సెకనుకు ఒక గిగాబిట్ లైను మీద ఆ ఒక్క గంట డేటా పంపడానికి 32 గంటలు పడుతుంది. మారుమూల కొండల మీద ఆ లైను కూడా దొరకదు. దక్షిణ ధ్రువం డిస్కులైతే చలికాలం ముగిసి విమానాలు తిరిగే దాకా అక్కడే ఉండిపోయాయి. ఏప్రిల్‌లో తీసిన డేటా డిసెంబరులో చేరింది.

కోరిలేటర్ చేసే పని ఏమిటి?

రెండు రికార్డింగులను పక్కపక్కన పెట్టి, ఒకదాన్ని కొంచెం కొంచెంగా జరుపుతూ ఎక్కడ సరిపోతాయో వెతకడం. ఒక్కో జరుపుకూ రెండింటినీ గుణించి కూడుతుంది. సరిపోని చోట కూడిక సున్నా చుట్టూ తిరుగుతుంది. సరైన చోటికి రాగానే ఒక్కసారిగా శిఖరం లేస్తుంది. దాన్నే ఫ్రింజ్ అంటారు.

కష్టం ఎక్కడంటే, సరిపోయే చోటు ఒక దగ్గర నిలవదు. ఒకే తరంగం రెండు చోట్లకు చేరే మధ్య తేడా 21 మిల్లీసెకన్ల దాకా ఉండవచ్చు. భూమి తిరుగుతున్న కొద్దీ అది సెకనుకు మైక్రోసెకన్ల చొప్పున మారుతుంది. 1.3 మిల్లీమీటర్ల తరంగాల దగ్గర అలా మారే ఒక్కో మైక్రోసెకనుకు 2,30,000 ఊపులు దాటిపోతాయి. కాబట్టి కోరిలేటర్ గుడ్డిగా వెతకదు. భూభ్రమణం, ధ్రువాల కదలిక, సూర్యచంద్రుల ఆకర్షణకు నేల రోజుకు రెండుసార్లు కొన్ని పదుల సెంటీమీటర్లు లేచి పడడం, గాలి, సాపేక్షత, ఇవన్నీ కలిపి ఆలస్యాన్ని ముందే లెక్కకట్టి, ఆ మేరకు డేటాను జరుపుతుంది. లెక్కకు మిగిలిన చిన్న తేడాలోనే గడియారాల జారుడు, వాతావరణం, మూలం ఆకారం దాగి ఉంటాయి.

ఫ్రింజ్ దొరకకపోతే?

ముందు మామూలు తప్పులు చూస్తారు. డిష్ సరైన చోటికి తిరిగిందా, రిసీవరు ఫ్రీక్వెన్సీ ఒక అంకె తప్పు పెట్టారా, రెండు పోలరైజేషన్ కేబుళ్లు తారుమారయ్యాయా, గడియారం సరిగ్గా ఒక సెకను జారిందా. చాలాసార్లు జవాబు ఇక్కడే దొరుకుతుంది. అన్నీ సరిగ్గా ఉంటే వెతికే పరిధిని పెంచుతారు. ప్రతి పరిశీలనలోనూ 3సీ 273, 3సీ 84 లాంటి ప్రకాశవంతమైన మూలాలను మధ్యమధ్య చూసేది ఇందుకే. అక్కడ ఫ్రింజ్ వచ్చిందంటే పరికరాలు బాగున్నట్టే. ఎన్నిసార్లు చూసినా తెర మీద ఆ మొదటి శిఖరం లేచినప్పుడు ఒళ్లు పులకరిస్తుంది.

బ్లాక్ హోల్ బొమ్మ నిజమైన ఫొటోనా, కంప్యూటర్ గీసిందా?

కొలతల నుంచి తిరిగి కట్టిన చిత్రం. కొలిచిన జతలు కొన్నే కాబట్టి, అవే కొలతలకు సరిపోయే చిత్రాలు ఒకటి కంటే ఎక్కువ ఉంటాయి. ఏది నమ్మదగినదో తేల్చడానికి ఎం87 అనే గెలాక్సీ మధ్యలోని బ్లాక్ హోల్ విషయంలో నాలుగు బృందాలు ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా విడివిడిగా చిత్రాలు తయారుచేశాయి. నాలుగింటిలోనూ దక్షిణం వైపు ఎక్కువ వెలుగున్న ఉంగరమే వచ్చింది. 2019 ఏప్రిల్ 10న దాన్ని విడుదల చేశారు. రంగు మాత్రం మన కళ్ల కోసం వేసింది, రేడియో తరంగాలకు నారింజ రంగు ఉండదు. ఉంగరం వెడల్పు 42 మైక్రో ఆర్క్‌సెకన్లు (ఆర్క్‌సెకను అంటే ఆర్క్‌నిమిషంలో 60వ వంతు, మైక్రో అంటే అందులో పది లక్షల వంతు). చంద్రుడి మీద క్రికెట్ బంతి పెడితే ఇక్కడి నుంచి ఇంచుమించు అంతే కనిపిస్తుంది.

## దీనితో ఇంకేం చేస్తారు

బ్లాక్ హోల్ బొమ్మలు తప్ప మామూలు మనిషికి దీనివల్ల ఉపయోగం ఉందా?

ఉంది, అదీ రోజూ. భూమి తిరిగే వేగం స్థిరం కాదు. గాలులు, సముద్రాలు, భూగర్భంలోని ద్రవలోహం దాన్ని మిల్లీసెకన్ల మేర పెంచుతూ తగ్గిస్తూ ఉంటాయి. ఈ క్షణాన భూమి ఎంత తిరిగి ఉందో తెలియకపోతే ఉపగ్రహాల స్థానాన్ని నేల మీది చోట్లకు సరిగ్గా ముడిపెట్టలేం. ఉపగ్రహాలు తమంతట తాము దాన్ని దీర్ఘకాలం చెప్పలేవు, ఎందుకంటే వాటి కక్ష్యలూ మెల్లగా తిరుగుతుంటాయి. కదలని గుర్తులు కావాలి. వందల కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని క్వేజార్లే ఆ గుర్తులు. వాటి మీద తరచుగా గంటసేపు చేసే చిన్న వీఎల్‌బీఐ పరిశీలనలతో భూభ్రమణాన్ని కొలుస్తారు. ఫోన్‌లో మ్యాపు సరైన వీధి చూపించడం వెనుక ఈ కొలత కూడా ఉంది. లీపు సెకను ఎప్పుడు కలపాలో నిర్ణయించిందీ ఈ కొలతలతోనే. ఇప్పటిదాకా చివరిది 2016 డిసెంబరు 31న కలిపారు.

ఖండాలు కదలడం నిజంగా కొలవగలరా?

కొలిచారు. ఒక నానోసెకనులో కాంతి 30 సెంటీమీటర్లు వెళ్తుంది. ఆలస్యాన్ని 30 పికోసెకన్ల దాకా తెలుసుకుంటే దూరం 9 మిల్లీమీటర్ల దాకా తెలిసినట్టే. ఎన్నో కొలతల సగటు తీస్తే ఇంకా బాగా తెలుస్తుంది. అమెరికాలోని వెస్ట్‌ఫర్డ్‌కూ జర్మనీలోని వెట్‌సెల్‌కూ మధ్య దూరం ఏటా సుమారు 17 మిల్లీమీటర్లు పెరుగుతోంది. హవాయి, జపాన్ మాత్రం ఏటా 6 సెంటీమీటర్ల చొప్పున దగ్గరవుతున్నాయి.

అంతరిక్షంలో టెలిస్కోపు పెట్టి బేస్‌లైన్‌ను భూమి కన్నా పెంచవచ్చా?

పెంచారు. జపాన్ 1997లో 8 మీటర్ల యాంటెన్నాతో హాల్కాను పంపింది. రష్యా 2011లో 10 మీటర్ల యాంటెన్నాతో రేడియోఆస్ట్రాన్‌ను పంపింది. దాని కక్ష్య దాదాపు చంద్రుడి దూరం దాకా, సుమారు 3.5 లక్షల కిలోమీటర్లు వెళ్లేది. అందులో హైడ్రోజన్ మేసర్ కూడా వెళ్లింది. భూమ్మీద గది తలుపు తీయడానికే వెనకాడే పరికరాన్ని రాకెట్ కుదుపులు తట్టుకునేలా చేసి పంపడం మామూలు విషయం కాదు.

కొత్త ఆప్టికల్ గడియారాలు వస్తే వీఎల్‌బీఐ ఇంకా మెరుగవుతుందా?

ఆప్టికల్ గడియారాలంటే రేడియో తరంగాల బదులు కాంతి తరంగాల ఊపులను పట్టుకుని నడిచేవి. ఇప్పటి తరంగాలకు అడ్డు ఎక్కువగా గడియారం కాదు, గాలి. అందుకని వెంటనే పెద్ద తేడా రాదు. ఇంకా పొట్టి తరంగాలకు వెళ్లే కొద్దీ, గాలి లేని అంతరిక్షంలోకి వెళ్లే కొద్దీ, మేసర్ కన్నా నున్నగా నడిచేవి కావాలి. అతి చల్లటి నీలమణి స్ఫటికంతో నడిచే ఆసిలేటర్లను అందుకే పరీక్షిస్తున్నారు.

ఇప్పటికే జరిగిన మేలు అవతలి దిశలో జరిగింది, వీఎల్‌బీఐయే ఆ గడియారాలకు సాయపడింది. ఇటలీలోని ఇట్టర్బియం గడియారాన్నీ జపాన్‌లోని స్ట్రాన్షియం గడియారాన్నీ పోల్చాల్సి వచ్చింది. రెండూ ఆప్టికల్ గడియారాలే, మధ్య దూరం 8,000 కిలోమీటర్లకు పైగా. అంత దూరం గడియారాల స్థాయి తగ్గకుండా ఫైబర్ వేయలేదు, ఉపగ్రహం ద్వారా పోలిస్తే కచ్చితత్వం పోతుంది. అప్పుడు రెండు చోట్లా 2.4 మీటర్ల చిన్న డిష్‌లు పెట్టి, ఒకే క్వేజార్లను చూసి, జపాన్‌లోని ఒక పెద్ద డిష్ సాయంతో ఆ రెండు గడియారాల నడకలను పోల్చారు. 2020లో ఆ ఫలితం వెలువడింది.